ఆదివారం గురికి పిస్టలా, రివాల్వరా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. షూటింగ్ క్లబ్బులో చేరి కొన్నాళ్లయింది. అక్కడున్న 9 ఎం.ఎం. పిస్టల్‌తో నేర్చుకుంటున్నాను. పేలే ముందే కళ్లు మూసుకుపోతున్నాయి, తూటాలన్నీ గురికి కిందగా, ఎడమ పక్కకి పడుతున్నాయి. సొంతంగా ఒక పాయింట్ టూ టూ (.22, చిన్న తూటాల తుపాకీ) కొనుక్కుందామని ఆలోచన. ఒకాయన రివాల్వర్ కొనమంటున్నాడు, అది ఎప్పటికీ మొరాయించదట. ఇంకొకాయన టార్గెట్ పిస్టల్ తప్ప మరేదీ వద్దంటున్నాడు. నా భార్యకీ సరదా ఉంది. ఆమెది ఎడమచేతి వాటం, చేతులు చిన్నవి. ఇద్దరికీ కలిపి ఒక్కటే కొనగలం. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు. ఈమధ్య ముందు సైటు (గురి చూసేందుకు బ్యారెల్ కొసన ఉండే ముక్క) మసకగా కనిపిస్తోంది, అదొక బెంగ. క్లబ్బులో ఒకరు తన పాత .22 రివాల్వర్ అమ్ముతానంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: పిస్టలే కొనండి. అయిదున్నర అంగుళాల బరువైన బ్యారెల్, సర్దుకోవడానికి వీలున్న వెనక సైటు, శుభ్రంగా తెగే ట్రిగ్గర్ ఉన్న .22 సెమీ ఆటోమేటిక్, అంటే నొక్కినప్పుడల్లా ఒక తూటా పేల్చి తర్వాతిది తనే ఎక్కించుకునేది. రివాల్వర్ కొనమన్నాయన చెప్పినదాంట్లోనూ నిజముంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. లైసెన్సు, భద్రపరచడం, ఇద్దరు ఒకే ఆయుధం వాడటం, వీటి నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు క్లబ్బులో అడిగి తేల్చుకోండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క, తూటాలు కిందికి, ఎడమకి పడుతున్నాయన్నది. కుడిచేత్తో కాల్చేవాళ్ల విషయంలో దానికి అర్థం దాదాపు ఎప్పుడూ ఒకటే. పేలుడు వస్తోందని ఒళ్లు ముందే పసిగట్టి, చెయ్యి బిగుసుకుని, బ్యారెల్‌ని కిందికి, పక్కకి తోసేస్తోంది. గురి తప్పుగా పెడుతున్నారని కాదు. గురి సరిగ్గానే పెట్టి, ఆఖరి క్షణంలో మీరే దాన్ని చెడగొట్టుకుంటున్నారు. 9 ఎం.ఎం. తోనే ఇంకా ఎక్కువ కాల్చితే ఈ అలవాటు పోదు, ముదురుతుంది.

.22 లాంగ్ రైఫిల్ తూటా (మామూలుగా .22 అనేది దీన్నే) 1887 నుంచి ఉంది. ఇన్నేళ్లు నిలవడానికి కారణం అది మనిషిని బెదరగొట్టకపోవడం. మామూలు 9 ఎం.ఎం. బులెట్ 115 నుంచి 124 గ్రెయిన్ల బరువుంటే, దీనిది 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. పిస్టల్ బ్యారెల్‌లోంచి వచ్చేటప్పుడు దాని శక్తి 9 ఎం.ఎం. శక్తిలో సుమారు నాలుగో వంతు. పిస్టల్ వెనక్కి తన్నదు, కాస్త కదులుతుందంతే. దాంతో పేలిన క్షణంలో ముందు సైటు ఎక్కడుందో మీ కంటికి దొరుకుతుంది. అది కనిపించడం మొదలైన రోజు నుంచీ మీ తప్పులు మీకే తెలుస్తాయి. పక్కన ఎవరూ నిలబడి చెప్పక్కర్లేదు.

ఇక రివాల్వర్. అది మొరాయించదు అనే మాట పెద్ద తూటాల రివాల్వర్ల దగ్గర పుట్టింది, .22కి వచ్చేసరికి సగమే నిజం. ఈ తూటాలో మందు అంటించే రసాయనం తొడుగు అడుగున ఉండే అంచులో చుట్టూ పరుచుకుని ఉంటుంది. అది ఎక్కడైనా పలచబడి, పిన్ను సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. అప్పుడు రివాల్వర్ అయితే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వచ్చేస్తుంది, పిస్టల్ అయితే స్లయిడ్ (పైన వెనక్కి జారే భాగం) లాగి తీసెయ్యాలి. ఇంతవరకూ ఆయన మాట ఒప్పుకుందాం. కానీ .22 బులెట్ మీద మైనం పూత ఉంటుంది, మందు కూడా బాగా మసి చేస్తుంది. చాలాసేపు కాల్చాక, తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ గదుల్లో ఈ జిడ్డు పేరుకుని తూటాలు పూర్తిగా లోపలికి దిగవు. అంచులు పైకి తేలి సిలిండర్ తిరగదు. తొడుగుల్ని బయటికి తోసే నక్షత్రం లాంటి ముక్క కింద కాలని మందు పలుకు ఒకటి ఇరుక్కున్నా ఇదే తంతు. ఆదివారం మధ్యాహ్నమంతా కాల్చాలనుకునేవాళ్లకి మధ్యమధ్యలో బ్రష్ పట్టుకు కూర్చోవడం తప్పదు.

దానికన్నా ముఖ్యం ట్రిగ్గర్. రివాల్వర్‌లో సుత్తి ఎత్తడం, సిలిండర్ తిప్పడం, పేల్చడం అన్నీ ఒక్క వేలితో జరగాలంటే ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది. పైగా అంచు మీద గట్టిగా కొడితే తప్ప .22 నమ్మకంగా పేలదు కాబట్టి తయారుచేసేవాళ్లు స్ప్రింగుని ఇంకా గట్టిగా పెడతారు. అదే సైజు పెద్ద క్యాలిబర్ రివాల్వర్ కన్నా .22ది నొక్కడం కష్టంగా ఉండటం అందుకే. ఈ ట్రిగ్గర్‌ని లొంగదీసుకున్నవాళ్లు ఏ తుపాకీ అయినా కాల్చగలరు, సందేహం లేదు. కానీ ఇప్పటికే వేలు గుంజే అలవాటున్న మనిషికి మొదటి నెలల్లో అదొక శిక్ష. బొటనవేలితో సుత్తి ఎత్తిపెట్టి కాల్చితే ట్రిగ్గర్ చాలా తేలికే. స్మిత్ అండ్ వెస్సన్ 1931లో తెచ్చిన కె-22 దగ్గర నుంచి ఇప్పటి పది తూటాల 617 దాకా వాళ్ల పెద్ద .22 రివాల్వర్లు ఆ పద్ధతిలో అద్భుతంగా కాలుస్తాయి. అయితే ప్రతి తూటాకీ పట్టు సడలించి సుత్తి లాగాలి. మీ ఆవిడవి చిన్న చేతులన్నారు, ఆమెకి ఆ బొటనవేలు చాచడమే పెద్ద పని.

పిస్టల్ అన్నాను కదా అని 9 ఎం.ఎం.కి తమ్ముడిలా కనిపించే బుల్లి .22 ఏదో తీసుకోకండి. ముచ్చటగానే ఉంటాయి, జేబులో పట్టేట్టు ఉంటాయి, ఎక్కువమంది పడేదీ వాటికే. లోపం ఎక్కడుందో లెక్క చూడండి. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 25 మీటర్ల దూరంలో తూటా 125 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అదే సైట్ల మధ్య 100 మిల్లీమీటర్లే ఉంటే పక్కకి పోయేది 250. అంతర్జాతీయ 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో నల్లటి వృత్తం మొత్తం అడ్డంగా 200 మిల్లీమీటర్లు, మధ్యలో పది మార్కుల వలయం 50. మధ్యలో పెట్టిన గురి పొడుగు పిస్టల్‌తో నల్ల వృత్తం అంచుకి 25 మిల్లీమీటర్లు బయట పడితే, ఆ పొట్టి పిస్టల్‌తో 150 మిల్లీమీటర్లు బయటికి, తెల్లకాగితం మీదికి పోతుందన్నమాట. పోటీల నియమాల్లో ఈ సైట్ల దూరానికి 220 మిల్లీమీటర్లని పైహద్దు పెట్టారంటే, దూరం పెరిగితే ఎంత లాభమో మీకే అర్థమవుతుంది. అయిదున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న టార్గెట్ పిస్టల్ ఆ హద్దుకి కొంచెం ఇవతల ఆగుతుంది. ఏడు అంగుళాలవీ దొరుకుతాయి కానీ ముక్కు బరువైపోయి చెయ్యి త్వరగా అలసిపోతుంది.

ట్రిగ్గర్ గురించి కాగితం మీద రాసిన అంకె చూసి మోసపోకండి. ఒలింపిక్ 25 మీటర్ల పిస్టల్‌కే ట్రిగ్గర్ నొక్కే బరువు కనీసం 1000 గ్రాములుండాలని నియమం. మీకు అంతకన్నా తేలిక అక్కర్లేదు, కిలో, కిలోన్నర ఉన్నా చాలు. చూడాల్సింది అది ఎలా తెగుతోందన్నది. కాస్త కదిలి, ఒకచోట గోడలా ఆగి, ఇంకొంచెం ఒత్తిడికి పుటుక్కున తెగితే మంచిది. గరగరమంటూ జరుగుతూ పోయే ట్రిగ్గర్ ఎంత తేలికైనా వద్దు.

పేర్లు చెప్పమంటారు కాబట్టి చెబుతాను. రూగర్ మార్క్ ఫోర్, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ. ఈ మూడిట్లో ఏది మీ చేతికి కుదిరితే అది. రూగర్ కంపెనీ 1949లో మొదలైందే ఈ పిస్టల్ తాతతో. ఆ వంశంలో పాతవన్నీ బాగా కాలుస్తాయి కానీ, విప్పాక మళ్లీ బిగించడం ఒక పరీక్ష. 2016లో వచ్చిన మార్క్ ఫోర్‌లో వెనక ఒక బటన్ నొక్కితే చాలు, విడిపోతుంది. వాడినది దొరికితే ఒక సంగతి చూసుకోండి. 2017 జూన్‌కి ముందు తయారైన మార్క్ ఫోర్‌లను సేఫ్టీలో లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసింది. ఆ మరమ్మతు జరిగిందా లేదా అని నంబరు చెప్పి కనుక్కోవచ్చు. బక్ మార్క్ 1985 నుంచి వస్తోంది. ట్రిగ్గర్ డబ్బాలోంచి తీసినప్పుడే బాగుంటుంది, కాకపోతే విప్పడానికి చిన్న రెంచీ కావాలి. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 41 వీటికి ఒక మెట్టు పైన, 1957 నుంచి పేరున్నది. డబ్బు అడ్డు కాకపోతే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. పార్డిని, ఫైన్‌వెర్క్‌బౌ, వాల్థర్ జీఎస్‌పీ లాంటి అసలుసిసలు పోటీ పిస్టళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి చెక్క పిడి ఒకే మనిషి చేతికి, కుడికో ఎడమకో, తొడుగులా సరిపోయేట్టు చెక్కి ఉంటుంది. మీ ఇద్దరిలో ఒకరు ఊరికే చూస్తూ కూర్చోవాలి.

మీ ఆవిడ విషయానికి వద్దాం. షూటింగ్‌లో ఎడమచెయ్యి లోపమేమీ కాదు. హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడిచేతిని పోగొట్టుకుని, ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకుని, 1948, 1952 ఒలింపిక్స్ రెండిట్లోనూ రాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణం గెలిచాడు. ఆమెకి ముందుగా తేలాల్సింది చెయ్యి కాదు, కన్ను. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి, దూరంగా ఉన్న వస్తువుని అందులోంచి చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు సందులో నిలబడిందో ఆ కన్నే యజమాని. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లలో కొందరికి కుడికన్ను ముందుంటుంది. పిస్టల్‌కి అదేం పెద్ద ఇబ్బంది కాదు, తల కాస్త తిప్పితే సరి.

పిస్టల్‌లో ఆమెకోసం మూడు చూడండి. పిడి రెండు పక్కలా ఒకేలా ఉండాలి, కుడిచేతి బొటనవేలికని ఒకవైపు గట్టు కట్టిన పిడి వద్దు. సేఫ్టీ రెండు వైపుల నుంచీ అందాలి. మార్క్ ఫోర్‌కి అది రెండు పక్కలా ఉంది. మూడోది, బ్యారెల్ ముంజేతికి సూటిగా ఉండేట్టు పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద హాయిగా పడాలి. వేలు అందడం కోసం చెయ్యి పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ ఆమెది కాదు. అన్ని ఉక్కు టార్గెట్ పిస్టళ్లూ కిలో పైచిలుకు ఉంటాయి, ఆ బరువే గురిని నిలబెడుతుంది. పోటీలు వద్దన్నారు కాబట్టి ఒంటిచేత్తో కాల్చాలన్న నిబంధన మీకు లేదు, ఇద్దరూ రెండు చేతులతో పట్టుకోండి. అయినా ఆమెకి భారమనిపిస్తే రూగర్‌లోనే ఏడువందల గ్రాముల చుట్టుపక్కల ఉండే తేలిక రకాలున్నాయి. పిస్టల్ ఖాళీ తొడుగుల్ని కుడిపక్కకి విసురుతుంది. వేడి తొడుగు ఒకటి మెడలోంచి చొక్కాలోకి జారితే ఎంత నిదానస్తుడైనా చేతిలో పిస్టల్ ఉన్న సంగతి మర్చిపోయి గంతులేస్తాడు. అది నవ్వులాట కాదు, పక్కవాళ్లకి ప్రమాదం. మెడ దాకా మూసుకునే చొక్కా వేసుకుని వెళ్లండి.

ముందు సైటు మసకబారడం మీ వయసు చేస్తున్న పని. గురి పెట్టేటప్పుడు కన్ను ఒకేసారి వెనక సైటు, ముందు సైటు, టార్గెట్ మూడిటినీ స్పష్టంగా చూడలేదు. స్పష్టంగా కనిపించాల్సింది ముందు సైటు, టార్గెట్ మసకగా ఉన్నా ఫరవాలేదు. నలభై దాటాక కన్ను చెయ్యి చాచినంత దూరంలో నిలకడగా ఆగనని పేచీ పెడుతుంది. రెండు దారులున్నాయి. మీ కంటికీ ముందు సైటుకీ మధ్య దూరం టేపుతో కొలిపించుకుని, కళ్లజోడు రాసేవాళ్లకి ఆ అంకె చెప్పి, ఆ దూరానికి అద్దం చేయించుకోవచ్చు. (అంకె చెబితే చాలు, పిస్టల్ పట్టుకెళ్లకండి.) లేదా రెడ్ డాట్ (చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైటు) పెట్టుకోవచ్చు. అందులో చుక్క, టార్గెట్ ఒకే తలంలో ఉన్నట్టు కనిపిస్తాయి, కంటికి శ్రమ తగ్గుతుంది. నేనైతే మొదటి ఆరు నెలలు మామూలు సైట్లతోనే కాల్చమంటాను. చుక్క మీ చేతి వణుకునంతా చూపిస్తుంది, ఇప్పటికే టెన్షన్ పడే మనిషికి ఆ దృశ్యం మేలు చెయ్యదు. కొనేటప్పుడు మాత్రం పైన రైలు (రెడ్ డాట్‌ని పట్టుకునే పట్టీ) బిగించడానికి రంధ్రాలున్నాయో లేదో చూసుకోండి. నేను చెప్పిన మూడిటికీ ఆ సదుపాయం ఉంది.

తూటాల మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. డబ్బా మీద 40 గ్రెయిన్లు, స్టాండర్డ్ వెలాసిటీ అని ఉన్నది మీకు కావాలి. రైఫిల్ బ్యారెల్‌లో కొలిస్తే దాని వేగం సెకనుకి సుమారు 1070 అడుగులు, ధ్వనివేగానికి కాస్త తక్కువ. అతివేగం రకాల వల్ల కాగితానికి రంధ్రం పెద్దదేమీ కాదు, చప్పుడు, కుదుపు మాత్రం పెరుగుతాయి. అయితే .22 పిస్టళ్లకి తూటాల విషయంలో పట్టింపులెక్కువ. ఒక కంపెనీ తూటాలతో గంటల తరబడి కాల్చే పిస్టల్ ఇంకో కంపెనీవి పెడితే రెండు నిమిషాలకోసారి ఇరుక్కుంటుంది. అందుకని ఒకేసారి పెట్టెలకి పెట్టెలు కొనకండి. సీసీఐ, ఎలీ, ఎస్‌కే లాంటివి ఒక్కో చిన్న డబ్బా తెచ్చి, పిస్టల్‌ని ఏదైనా ఆనించి అయిదేసి తూటాలు కాల్చి, ఏది దగ్గరగా గుంపు కడుతోందో, ఏది ఇరుక్కోకుండా నడుస్తోందో చూసి, అప్పుడు నిల్వ చేసుకోండి.

కళ్లు మూసుకుపోయే జబ్బుకి మందు కూడా చెప్పి ముందుకెళతాను. మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) నిజం తూటాల మధ్య నకిలీ తూటాలు కలిపి మీ ఆవిణ్ణి నింపమనండి, మీరు చూడకండి. నకిలీది వచ్చినప్పుడు పేలదు, కానీ పిస్టల్ ముక్కు కిందికి పొడుచుకోవడం కళ్లారా చూస్తారు. సిగ్గుగా ఉంటుంది, పనిచేస్తుంది. తర్వాత ఆమె వంతు, నింపేది మీరు. ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చేసే ముందు మాత్రం పిస్టల్‌తో వచ్చిన పుస్తకం చదవండి. కొన్ని .22లలో పిన్ను నేరుగా గది అంచుని కొట్టి సొట్ట చేస్తుంది. పిన్నుని ఆపే ఏర్పాటు ఉన్నవాటికి భయం లేదు, లేనివాటిలో ప్లాస్టిక్ నకిలీ తూటా పెట్టుకోవాలి.

చిన్నదే కదా అని చెవుల్ని వదిలెయ్యకండి. .22 పిస్టల్ చప్పుడు కూడా 140 డెసిబెల్స్ దాటుతుంది, ఇద్దరికీ చెవి కప్పులు, కళ్లద్దాలు తప్పనిసరి. బులెట్‌లోనూ, అంటించే రసాయనంలోనూ సీసం ఉంటుంది కాబట్టి చేతులు, ముఖం కడుక్కున్నాకే ఏదైనా తినండి. ఈ తూటా ఒకటిన్నర మైలు దాకా ప్రమాదకరమని డబ్బాల మీదే రాసి ఉంటుంది. నొక్కితే పేలకపోతే ముక్కు టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఎప్పుడైనా టప్‌మని బలహీనమైన చప్పుడొస్తే తర్వాతి తూటా కాల్చకుండా ఆపేసి, ఖాళీ చేసి, బ్యారెల్‌లో బులెట్ ఇరుక్కుందేమో చూసుకోండి.

ఇప్పుడా పాత రివాల్వర్. చేతిలో పిస్టల్ ఉన్నాక, రెండోదిగా, మంచి ధరకి వస్తే తీసుకోవచ్చు. ఆ బరువు ట్రిగ్గర్ అప్పటికి మీకు గురువవుతుంది. బొటనవేలు గట్టిపడ్డ పాత ముచ్చట్లవాళ్లు .22 రివాల్వర్‌ని వదలలేకపోవడానికీ కారణముంది, తొడుగులు ఎగిరిపోవు, తొందర ఉండదు. కానీ కొనే ముందు ఖాళీ అని ఇద్దరూ చూసుకుని, అమ్మేవారి అనుమతితో కొన్ని పరీక్షలు చెయ్యండి. సుత్తిని బాగా మెల్లగా ఎత్తుతూ పోతే, అది పూర్తిగా ఎక్కేలోపు సిలిండర్ క్లిక్‌మని తన స్థానంలో కూర్చోవాలి. ఒక గదికి కాదు, ప్రతి గదికీ. సుత్తి దించి సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపితే ఆట దాదాపు ఉండకూడదు. ప్రతి గది నోటి దగ్గర, పిన్ను తగిలేచోట, సొట్ట ఉందేమో టార్చి వేసి చూడండి. సొట్టలుంటే తూటాలు దిగవు, తొడుగులు ఊడవు. రెండు సిలిండర్లతో వచ్చే రకమైతే ఏది లాంగ్ రైఫిల్‌ది, ఏది ఇంకా పొడుగ్గా, బలంగా ఉండే .22 మ్యాగ్నమ్ తూటాది అని అడిగి గుర్తు పెట్టుకోండి. మ్యాగ్నమ్ గదిలో లాంగ్ రైఫిల్ తూటా వదులుగా దిగుతుంది, కాల్చితే తొడుగు చిట్లుతుంది. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. సుత్తి పూర్తిగా ఎత్తి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, బొటనవేలితో సుత్తిని వెనకనుంచి ముందుకి గట్టిగా నెట్టండి. అది జారి పడిందంటే లోపలి గాట్లు అరిగిపోయాయని లెక్క. బాగుచేయించుకుని తెమ్మనండి, లేదా వద్దని చెప్పండి. ఈ పరీక్షకి అమ్మేవారు ఒప్పుకోకపోయినా జవాబు అదే.